పదిహేడో పీపా

ఐలా దీవిలోని ఒక విస్కీ బట్టీలో ఫర్కర్ రోజూ గిడ్డంగి గుమ్మంలో టోపీ తీసి, నేరుగా పదిహేడో పీపా దగ్గరికి వెళ్తాడు. వేలి కణుపులతో తట్టి, చెవి ఆనిస్తాడు. పనిలో చేరిన రోజున తన చేతులతో నింపిన పీపా అది. దాన్ని అతని పేరుతోనే సీసాలకెత్తుతామని యజమానులు మాటిచ్చారు. ఏటా వాళ్లు అడిగినప్పుడల్లా, "ఇంకా పండలేదు, ఒక్క ఏడాది ఆగండి" అని బతిమాలేవాడు.

ఈ ఉదయం మేనేజరు కర్స్టీ ఆ పీపాలోని ఆల్కహాల్ శాతం కొలిచి చూసింది.

"ముప్పై తొమ్మిదిన్నర శాతమే ఉంది బాబాయ్. నలభైకి తగ్గితే చట్టం దీన్ని విస్కీ అననివ్వదు."

"అంత ఆవిరైపోయిందా?"

"చెక్కలోంచి ఏటా కొంత పోతుందని నాకు నేర్పింది నువ్వేగా!"

ఫర్కర్ ఒక్క బొట్టు నాలుక మీద వేసుకుని, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు పండిందమ్మా," అన్నాడు.