గేటు దగ్గరి గుర్తులు

మా తాత బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇంట్లో ప్రతి పనిలోనూ వేలు పెట్టి అమ్మమ్మ ప్రాణం తోడేస్తుంటే, మున్సిపల్ ఆఫీసు ఆయనకో పని అప్పగించి ఆవిడకు పుణ్యం కట్టుకుంది. ఊరి చుట్టూ ఉన్న పాత శ్మశానాలకు వెళ్లాలి. ఒక్కోదాని నట్టనడుమ నిలబడి ఫోన్‌లో మీట నొక్కితే జీపీఎస్ ఆ చోటును రికార్డు చేసుకుంటుంది. తాత దాన్ని హారన్‌లా నొక్కేవాడు, గట్టిగా నొక్కితే ఉపగ్రహానికి బాగా వినబడుతుందన్నట్టు.

ఆ పని ముగిశాక కొత్త రోడ్డు మాట వచ్చింది. తాత పెట్టిన ఒక్కో గుర్తు చుట్టూ గుండ్రంగా కంచె వేసి, బయట మిగిలిన నేలను చదును చేస్తారట. రోడ్డు పని చూసే ఇంజినీరమ్మ మిల్లు వెనకాల శ్మశానం మ్యాపు చూపించి, కంచె గేటు బయటి టీ కొట్టును చుట్టుకుంటోందేమిటని నవ్వింది. తాత నవ్వలేదు. వెనక గోడంతా కంచెకు బయట ఉంది. ఆ గోడ వారనే మా పెద్దమ్మ ఉంది. పెద్దమ్మ అనడానికి నోరు రాదు, నడక రాకముందే పోయింది. రాయి కూడా పెట్టలేదు.

రేపటిలోగా మళ్లీ గుర్తు పెట్టి పంపమంది ఇంజినీరమ్మ.

ఆ రాత్రి తాత కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ సంగతి చెప్పాడు.

"అసలు లోపలికి వెళ్లలేదా మీరు?" అంది అమ్మమ్మ.

"మొట్టమొదట అక్కడికే వెళ్లానే. గేటు దాటలేకపోయా. అక్కడే నొక్కేశా."

"మరి మిగతావి?"

"అదొక్కటే అలా ఉంటే ఎందుకని అడుగుతారు కదా. అందుకని అన్నీ గేట్ల దగ్గరే నొక్కా."

సందు దొరికితే చాలు దులిపేసే అమ్మమ్మ, పొద్దున్నే తనూ వస్తానంది.

తెల్లారాక ఇద్దరూ వెళ్లారు. గేటు దగ్గర తాత ఆగిపోతే అమ్మమ్మ రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది. గడ్డి నడుము దాకా పెరిగింది. పాప ఎక్కడుందో చెరో చోటు చూపించి గొణుక్కుని, చివరికి ఎవరి చోట వాళ్లు కాసేపు నిలబడ్డారు. తర్వాత తాత నడిమధ్యకు వచ్చి మెల్లగా నొక్కాడు. ఫోన్‌లో కంచె గీత వెనక గోడను దాటింది.

"మిగతా చోట్ల ఉన్నవాళ్లూ ఎవరో ఒకరి పిల్లలే. ఆ ఇంజినీరు అమ్మాయికి ఫోన్ చెయ్యండి," అంది అమ్మమ్మ.

తాత చేశాడు. అన్నీ గేట్లేనని చెప్పాడు.

"వంతెన పక్క శ్మశానం నిన్ననే చదును చేసేశారండీ," అంది ఇంజినీరమ్మ.

తాత ఫోన్ చెవి నుంచి తియ్యలేదు. దాని గేటు పచ్చరంగుదని, తాళం కూడా ఉండదని, తోస్తే చాలు తెరుచుకునేదని ఆమెకు చెబుతూనే ఉన్నాడు. లోపల ఎవరుండేవారో మాత్రం ఆయనకు తెలియదు.