జత పడని నలభై ఆటలు

మా అమ్మ దేముడమ్మ ముప్పై ఏళ్లు సంచౌంగ్ బజారులో వడలు వేసి, మోకాళ్లు అరిగాక పేకాటలో దిగింది. శనివారం మధ్యాహ్నాలు కింది వాటాలో రాధారాణి పిన్ని, పక్కింటి బర్మా ఆవిడ డా ఖిన్, అమ్మ కూర్చుంటారు. మనిషికి రెండు ముక్కలు. రెండు రాజులో, రెండు జాకీలో జతపడితే చింతగింజ వస్తుంది. ఆ గింజల కోసం అమ్మ చేసే గోల వీధి చివరిదాకా వినిపిస్తుంది.

అలాంటిది, ఓ శనివారం కిందికి వెళ్లడానికి లుంగీ మార్చుకోకుండా కూర్చుంది.

"నానిక పేక ముట్టనే జయంతీ. అయిదు వారాలు, నలభై ఆటలు, ఒక్క జత పడ్లేదు. మీ నాన్న పోయి ఏడాది తిరక్కుండా ఆడేనని ముక్కలకి కోపమొచ్చింది."

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాని ఇంట్లో ఇదా మాట! పేక తెచ్చి ముందు పడేశాను.

"మొదటి ముక్క యాభై రెండిట్లో ఏదైనా కావచ్చు. రెండోది మిగిలిన యాభై ఒకటిలో ఏదైనా. గుణిస్తే, రెండు ముక్కలు రెండువేల ఆరువందల యాభై రెండు రకాలుగా రావచ్చు."

అమ్మ జాలిగా చూసింది. "ఇస్పేట్ రాజు ముందొచ్చినా, ఆఠీన్ రాజు ముందొచ్చినా నా సేతిలో ఉన్నది ఒకటే కదేటి? అన్నీ రెండేసిసార్లు లెక్కెట్టేవు. నీ దగ్గరికి పిల్లల్ని ఎవులు పంపుతన్నారే?"

కోపంలో సగం చేయడం మరిచాను, నిజమే. పదమూడువందల ఇరవై ఆరు. అమ్మ నాలుగు రాజుల్ని పరిచి, జతలు తనే వేళ్లతో లెక్కపెట్టింది. ఆరు. అలాంటివి పదమూడు రకాలు, మొత్తం డెబ్బై ఎనిమిది. అంటే పదిహేడు ఆటలకి సుమారు ఒక జత.

"మరి నలభైకి రెండైనా పడాలి గదా?"

"పడాలని రాసిపెట్టి లేదమ్మా. పదకొండు మందిలో ఒకరికి నలభై ఆటలూ ఇలాగే పోతాయి."

"అయితే ఇయేళ పడి తీరతాది."

"అదీ లేదు. ముక్కలకి జ్ఞాపకం ఉండదు. కలిపితే అన్నీ మర్చిపోతాయి."

అమ్మ రాజుల్ని పేకలో కలిపేసింది. "గుర్తే లేనివాటికి కోపమెలాగొత్తాదే?" అని, "మరి నీకుందా కోపం?" అంది.

ఏడాది తిరక్కుండా ఆటేమిటని అయిదు వారాల కిందట కసిరింది నేనే. సిగ్గేసింది.

"నాకూ లేదమ్మా. తప్పుగా అన్నాను. లే, లుంగీ మార్చుకో."

చేయి పట్టుకుని మెట్లు దించాను. ఆ రోజు ఎనిమిది ఆటల్లోనూ జత పడలేదట. అయినా అమ్మ ఆరింటిదాకా పైకి రాలేదు.