మాడిన తోలు

ఎవరి పళ్లెంలోనైనా మాడిన ముక్క కనబడితే హొజుమి గారి చెయ్యి ఊరుకునేది కాదు. జేబులోంచి పట్టకారు తీసి, ముక్క గిల్లి, చిన్న సీసాలో వేసుకునేవారు. టోక్యో పరిశోధనశాలలో ఆయన సహాయకురాలు చిగుసాకు ఈ దొంగతనాలకు క్షమాపణలు చెప్పుకోవడమే సగం ఉద్యోగం.

ఒక పెళ్లివిందులో ఏకంగా పెళ్లికూతురి తండ్రి చేప మీదే చెయ్యి వేశారు.

"అదేమిటండీ?" అన్నాడాయన బిత్తరపోయి.

"తోలొక్కటే. చేప మీకే వదిలేశాను," అన్నారు హొజుమి గారు ఊరడింపుగా.

ఆ మసిని ఆయన బాక్టీరియాకు పెట్టేవారు. అవి ఒక పోషకం అందకపోతే పెరగలేని లోపమున్న రకం. మసిలో జన్యువుల్ని మార్చే పదార్థముంటే కొన్నింటి లోపం తీరి, గాజుపళ్లెంలో తెల్లచుక్కలై మొలుస్తాయి. చుక్కలు ఎక్కువైతే ఆ తిండి మనిషికీ మంచిది కాదేమోనని అనుమానం.

ఆ వేసవిలో వీధి చివర ఒతోమె అవ్వ కొట్టులో కాల్చిన చేప తోలు తెచ్చారు. తర్వాత చిగుసా గాజుపళ్లెం తీసి చూస్తే, నువ్వులు చల్లినట్టు చుక్కలు. అవ్వకు ఆ పొయ్యి తప్ప మరో ఆధారం లేదు.

కబురెలా పొక్కిందో, మధ్యాహ్నానికల్లా అవ్వ గుమ్మంలో నిలబడింది.

"నా చేపలో విషముందంటగా అమ్మాయ్? కొట్టు మూయించేస్తారా?"

"ఇంకా ఏదీ తేల్లేదు అవ్వా," అంది చిగుసా. ఆ మాట ఆమెకే నమ్మకంగా అనిపించలేదు.

అంతలో పత్రిక విలేకరి వచ్చాడు. "ఆ చేప ఏ కొట్టుదండీ?"

చిగుసా హొజుమి గారి వైపు చూసింది. ఆయనకు అబద్ధమాడటం రాదు.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "కొట్టుదెందుకవుతుంది? నేను కాల్చిందే."

"మీరు వంట చేస్తారా?"

"చేస్తే ఇలా ఉంటుంది," అంటూ గాజుపళ్లెం చూపించారు.

అన్న మాట నిజం చెయ్యాలని ఆ సాయంత్రమే ఇంట్లో చేప కాల్చి, బొగ్గు చేశారు. దాని మసికీ చుక్కలు అలాగే వచ్చాయి. నివేదికలోకి ఆ చేపే ఎక్కింది. పత్రిక చూసిన భార్య, "మన వంటింటి పరువు ఊరంతటికీ పంచారు," అని మూతి ముడుచుకుంది.

తోలు అంతగా మాడకుండా మంటకు ఎత్తుగా పెట్టి కాల్చమని అవ్వకు నేర్పింది కూడా ఆయనే. వారం తర్వాత అదే కొట్టులో భోంచేస్తుండగా, పట్టకారు చిగుసా పళ్లెంలోకి వచ్చింది.

"దీని పరీక్ష అయిపోయిందిగా గురువుగారూ?"

"ఎప్పుడో అయిపోయింది."

"మరెందుకు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "తినకండంటే ఎవరు వింటారమ్మా? ఎత్తుకుపోతే తిట్టి ఊరుకుంటారు."

చిగుసా తిట్టలేదు. తన పళ్లెం నెమ్మదిగా ఆయన వైపు తిప్పింది. అటుపక్క ఇంకో ముక్క మాడి ఉంది.