నాలుగోది వచ్చీసిందా?

మా గోడ అవతలి బాబాయిగారు పోయారు. రెండు వారాల కిందట మంగళవారం తెల్లవారుజామున, నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడు. ఆ కబురు నాకు బ్యాంకులో తెలిసింది. హౌరా పక్కన లిలువాలో మా సందు మొదట్లో టీకొట్టు నడిపే దాదా ఫోన్ చేసి, ముందు నేనెక్కడున్నానని అడిగాడు. అతనెప్పుడూ అలా అడగడు.

నిజం చెప్పాలంటే ఆ కబురు అంతకుముందే నా చెవిన పడింది. పొద్దున్న నేను ఇంటికి తాళం వేస్తుంటే గోడ అవతల గూట్లో బాతులు ఒకటే గోల. బాతులు తెల్లారగట్ల గుడ్లు పెడతాయి, ముందే వదిలేస్తే చెరువులో పెట్టేసి వస్తాయి. అందుకని బాబాయిగారు ఎండ వచ్చాకే గూడు తలుపు తీసేవారు. కానీ ఎనిమిదిన్నర దాటనిచ్చేవారు కాదు. ఆ రోజు దాటింది. ముసలాయన ఇవాళ బద్ధకించాడు కాబోలు అనుకుని, ఆ గోలకి విసుక్కుని, హౌరా లోకల్ కోసం పరిగెత్తాను. అప్పుడు వెళ్ళి చూసినా చేసేదేమీ లేదని అందరూ అంటున్నారు. అయినా నా మీద నాకు కోపం పోవడం లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళ నాన్న ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఇక్కడి రైల్వే కార్ఖానాకి వచ్చారు. ఈయన ఇక్కడే పుట్టి, అదే కార్ఖానాలో కమ్మరిపని చేసి రిటైరయ్యారు. నేను గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినదాన్ని. నలభై దగ్గరపడ్డ ఒంటరి ఆడమనిషి కనిపిస్తే లోకం ఎన్ని ప్రశ్నలు వేస్తుందో నాకు బాగా తెలుసు. అందుకే వచ్చిన మొదటి ఆర్నెల్లూ ఎవరితోనూ మాట కలపలేదు. ఒక ఆదివారం సంతలో వెదురు గంపలో పసుపుపచ్చని బాతుపిల్లల్ని చూసి రెండు కొనుక్కొచ్చాను. ఎందుకని మీరడిగితే చెబుతాను. ఇంట్లో కాస్త చప్పుడుంటుందని.

బాతన్నాక నీళ్ళుండాలి కదా! బట్టలు నానబెట్టే టబ్బు నిండా నీళ్ళు పోసి, రెండింటినీ అందులో వదిలి, ఎంత బాగా ఈదుతున్నాయో అని మురిసిపోతూ వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి ఒకటి తడిసిన దూదిలా మునిగి ఉంది. రెండోదాన్ని తీసి తువ్వాలులో చుట్టాను. అది ఏడుపు మొదలుపెట్టింది. బాతుపిల్ల ఏడుపు మీరెప్పుడైనా విన్నారా? వేలెడంత ప్రాణి, వీధంతా వినిపిస్తుంది.

ఆ ఏడుపు విని బాబాయిగారు మొదటిసారి మా గేటు తోశారు. లుంగీ, చేతిలో వెదురు కర్ర. లోపలికి రమ్మని నేను అనలేదు, ఆయన అడగలేదు. టబ్బు వంక చూసి, "ఏటమ్మా, నీళ్ళల్లో ఎట్టీసినావా?" అన్నారు.

బాతుకి నీళ్ళు ఎవరు నేర్పాలి బాబాయిగారూ అని తెలివిగా అడిగాను. తల్లి నేర్పాలన్నారు. తల్లి కింద పడుకున్న పిల్లకి తల్లి ఒంటి జిడ్డు అంటుకుంటుందట, అప్పుడు నీళ్ళు దాని మీద నిలవవు. సంత పిల్లకి ఆ జిడ్డు ఉండదు. ఈకలొచ్చేదాకా ముక్కు మునిగేంత నీళ్ళు చాలు, అదీ మేత పక్కనే పెట్టాలి. నేను కింద పరిచిన పేపర్లు చూసి కర్రతో పక్కకి నెట్టేశారు. కాళ్ళు జారి చితికిపోతాయట, గోనెసంచి వెయ్యమన్నారు. నానబెట్టిన నూకలు, తవుడు, కాస్త పెద్దయ్యాక చెరువు నత్తలు. బల్బు దించి వెచ్చగా ఉంచమన్నారు. ఇదంతా తిడుతున్నట్టే చెప్పారు. నేను కోపంగా కాగితం మీద రాసుకున్నాను.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగారు. "ఒంటి బాతుని పెంచకూడదమ్మా. బతకదు. బతికినా అది బతుకు గాదు."

నాకు చుర్రుమంది. మనుషులు బతుకుతున్నారుగా అన్నాను.

ఆయన గేటు తీశారు. "బతుకుతారు. మనిద్దరం లేమేటి?" అని వెళ్ళిపోయారు. వాళ్ళావిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన పెరట్లోని రెండు ముసలి బాతులూ ఆవిడ పెంచినవేనని తర్వాత తెలిసింది.

పిల్లకి తెల్లటి ఈకలొచ్చిన రోజున గోడ అవతల దభీదభీమని చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, మా రెండు పెరళ్ళ మధ్య గోడకి, నేలను ఆనుకుని, ఆయన గునపంతో కన్నం పెడుతున్నారు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రెండిళ్ళకీ ఒకడే ఓనరు. అతను వచ్చి బెంగాలీలో చెడామడా తిట్టాడు. బాబాయిగారు అంతా విని, లోపలికెళ్ళి, ఆరు బాతుగుడ్లు తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. ఓనరు ఇంకో రెండు మాటలు గొణిగి వెళ్ళిపోయాడు. కన్నం ఉండిపోయింది. మా తెల్లది దానిలోంచి తల పెట్టి చూసి, అవతలి వాళ్ళని చూసి, నా వంక వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. రాత్రి పడక కూడా ఆయన గూట్లోనే. ఇంత చేస్తే ఇదా విశ్వాసం అనిపించింది.

అప్పట్నుంచీ రోజులకో పద్ధతి వచ్చింది. పొద్దున్న మూడూ వెనక చెరువుకి పోయేవి. సాయంత్రం దీపాల వేళకి ఆయన గట్టు మీద నిలబడి, "ఆయ్ ఆయ్, చోయ్ చోయ్" అని పిలిచేవారు. ఇక్కడ బెంగాలీ ఇల్లాళ్ళు బాతుల్ని అలాగే పిలుస్తారు. అంతకుముందు నేను రా రా, దా దా అని గొంతు చించుకున్నా మా తెల్లది పలికేది కాదు. మనం తెలుగోలమైనా బాతులు బెంగాలీవే కదమ్మా అని ఆయన నవ్వారు. ఆ కూత నన్ను నేర్చుకోమన్నారు. బ్యాంకు ఆఫీసరుని, చెరువుగట్టు మీద చోయ్ చోయ్ అని అరవనా? నేర్చుకోలేదు.

గూటి దగ్గర కర్రతో ఒక్కోదాన్ని తాకి లెక్కపెట్టేవారు. మూడంటే మూడే బాతులు, లెక్క చూస్తే మందని తోలుకొచ్చినట్టు. ఒకటి, రెండు, మూడు. ఒక సాయంత్రం మూడు తర్వాత ఆగి, గోడ మీంచి, "నాలుగోది వచ్చీసిందా?" అన్నారు.

నాలుగోది ఎవరా అని చూశాను. నేనే. ఒళ్ళు మండింది. నేనెప్పుడొస్తే ఈయనకెందుకు? పలక్కుండా కూర్చున్నాను. రెండు నిమిషాల్లో కర్ర చప్పుడు చేసుకుంటూ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. నేను బాతుని కాదు బాబాయిగారూ అని మొహం మీదే అనేశాను.

"కావు గదా. బాతువైతే పలికీదానివి."

నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆ మర్నాటినుంచీ ఆయన అడగడం, నేను వంటింట్లోంచి వచ్చేశానండీ అని కేకెయ్యడం. అంతే మా మాటలు. కొన్ని రోజులు అంతకుమించి ఒక్క ముక్క ఉండేది కాదు. ట్రైన్ ఆలస్యమైతే, హౌరాలో నిలబడి, అక్కడ లెక్క తేలక ఆయన కూర్చుని ఉంటారని తొందరపడేదాన్ని. నేను ఇంటికి రాలేదని కనిపెట్టే మనిషి నాకు మూడేళ్ళు ఉన్నారు. ఆ సంగతి ఆయనకి ఒక్కసారైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఖరగ్‌పూర్ నుంచి ఆయన కూతురు వచ్చింది. కార్యం అయ్యాక ఇల్లు ఖాళీ చేస్తూ, అన్నాళ్ళూ గూట్లోనే మూసి ఉంచిన బాతుల్ని ఏం చెయ్యాలో తెలీక నిలబడింది. కొనేవాళ్ళున్నారని ఎవరో అన్నారు. కొనేవాళ్ళంటే కోసేవాళ్ళే. నాకిచ్చెయ్యమ్మా అన్నాను. టీకొట్టు దాదా, ఇంకో ముగ్గురూ కలిసి గూటిని సందులోంచి మోసి మా పెరట్లో పెట్టారు. కొత్తవాళ్ళు దిగేలోగా కన్నం మూసేస్తానని ఓనరు చెప్పాడు. ఈసారి గుడ్లిచ్చేవాళ్ళు లేరు.

నిన్న బాతుల్ని మళ్ళీ మొదటిసారి చెరువుకి వదిలాను, సాయంత్రం అవి నీళ్ళలోంచి బయటికి రాలేదు. గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను, నూకల గిన్నె మోగించాను. నడి చెరువులో గుర్రపుడెక్క పక్కన మూడూ కదలకుండా ఉన్నాయి. చీకటి పడితే పునుగుపిల్లి వస్తుంది, ఒక్కటి కూడా మిగలదు. అవతలి గట్టున ఇద్దరు ఆడవాళ్ళు గిన్నెలు తోముకుంటూ నన్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. "ఆయ్ ఆయ్, చోయ్ చోయ్." ఒక్కటీ కదల్లేదు. మళ్ళీ అరిచాను. మూడోసారి ఏడుపొచ్చేసింది, ఏడుస్తూనే అరిచాను. ముందు మా తెల్లది కదిలింది. దాని వెనకాల ఆ ముసలివి రెండూ.

అలవాటు చొప్పున మూడూ బాబాయిగారి పెరట్లోకే పోయాయి. గూడు ఉండే చోట మట్టి మీద నాలుగు మూలల గుర్తు తప్ప ఏమీ లేదు. కాసేపు అక్కడే తిరిగి, ఒక్కొక్కటే గోడ కన్నంలోంచి మా వైపు వచ్చాయి. గూటితోపాటే వచ్చిన ఆయన కర్ర నా దగ్గరే ఉంది. ఒక్కోదాన్ని తాకాను. ఒకటి, రెండు, మూడు.

తర్వాత అలాగే నిలబడ్డాను, గోడ మీంచి ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. గూడు తలుపు వేసి, ఆ కన్నం ముందు వంగి చెప్పాను.

"నాలుగోది వచ్చేసింది బాబాయిగారూ."