పరగడుపు పరీక్ష

రాజోలు దగ్గరి చిన్న క్లినిక్‌లో స్టెల్లా పద్దెనిమిదేళ్లుగా నర్సు. ఆ రోజు పరగడుపు రక్తపరీక్షలో కొబ్బరి దింపు తీసే అప్పలస్వామికి షుగరు బాగా ఎక్కువ వచ్చింది.

"మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదండీ" అన్నాడాయన.

"ఎవరింటి పెళ్లిలో లడ్డూలు లాగించేరు బాబాయ్‌గారూ? నాతో అబద్ధమాడినా మిషను ఊరుకోదండోయ్!"

బెంచీల మీద జనమంతా నవ్వారు. ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు స్టెల్లా తలుపు తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంటికెళ్లి ఆలోచించేనమ్మా. చెట్టెక్కే ముందు రోజూ ఓ కొబ్బరి బోండాం తాగుతాను. మాకవే మంచినీళ్లు. అదీ లెక్కలోకొస్తుందా?"

ఇన్నేళ్లలో స్టెల్లా ఎంతోమంది దింపువాళ్లకి రక్తం తీసింది. ఒక్కరినీ ఆ సంగతి అడగలేదు.

"వస్తుంది. ముందే చెప్పకపోవడం నా తప్పు బాబాయ్‌గారూ, క్షమించండి."

ఆయన ఖాళీ బెంచీల వైపు చూశాడు. "నిన్న అందరూ ఉన్నారమ్మా" అన్నాడు.

స్టెల్లా ముందు బెంచీ తుడిచింది.

"కూర్చోండి. జనం వచ్చేక నా తప్పని మళ్లీ చెప్తాను" అంది.