గడువు పెంచని యూనివర్సిటీ

"లాస్ట్ డేట్ ఎప్పుడమ్మా?" అని మా సార్ అడిగినప్పుడే నా గుండెల్లో రాయి పడాల్సింది. పన్నుల పని చేసేవాళ్లు ఆ ప్రశ్న వేసేది ఆలోపు పని ముగించడానికి కాదు. ఆ తేదీ ఇంకెన్నాళ్లు పొడిగిస్తారో అంచనా వేసుకోవడానికి.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టు మేడమీద మా ఆఫీసు. సార్ ఆడిటర్. నేను లా చదివి, కోర్టులో వాయిదాల కోసం నిలబడే ఓపిక లేక, ఆయన దగ్గర పన్నుల పనిలో చేరి పదేళ్లు దాటింది. బియ్యం మిల్లుల వాళ్లు, జీడిపప్పు వ్యాపారులు, గరివిడి ఫ్యాక్టరీకి లారీలు తిప్పేవాళ్లు మా క్లయింట్లు. ఏటా రిటర్నుల గడువు దగ్గర పడుతుంది. పోర్టల్ మొరాయిస్తుంది. ఊళ్లో పన్ను ప్రాక్టీషనర్లందరూ కలిసి గడువు పెంచమని ఢిల్లీకి విజ్ఞాపన పంపుతారు. ఢిల్లీ పెంచుతుంది. ఏ ఏడాదైనా పెంచలేదంటే మావాళ్లు తమకేదో ఘోరమైన అన్యాయం జరిగినట్టు సంక్రాంతి దాకా చెప్పుకుంటారు. ఆ విజ్ఞాపన రాయడంలో మా సార్‌ది అందె వేసిన చెయ్యి. తుపాను, కరెంటు కోత, పండగలు, సర్వర్, ఏదో ఒక కారణం ఆయనకి దొరక్కపోదు.

నాకు కావలసింది ఐరోపాలో ఒక యూనివర్సిటీలో అంతర్జాతీయ పన్ను చట్టం మీద ఏడాది పాటు మాస్టర్స్ చదువు. ఈ మాట చెబితే మా పెద్దమ్మ, "ఇక్కడి పన్నులు సాల్లేదేటే, పరాయి దేశాలయి కూడా కావాల్నా?" అంది. ఎందుకు కావాలో ఆవిడకి చెప్పినా అర్థం కాదని నవ్వి ఊరుకున్నాను.

మా వైపు సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి చాలామంది విదేశీ ఓడల్లో పనికి వెళ్తారు. ఓడ ఒక దేశం జెండాతో తిరుగుతుంది, కంపెనీ ఇంకో దేశంలో ఉంటుంది, జీతం మూడో దేశం నుంచి పడుతుంది. పన్ను నోటీసు మాత్రం తిన్నగా ఇక్కడి ఇంటికి వస్తుంది. అలాంటి నోటీసు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒకామె వచ్చింది. చేపలు అమ్ముకునే ఇంటి మనిషి, భర్త ఓడ మీద ఉన్నాడు. మేం అందరికీ పంపే జవాబే ఆమె తరఫునా పంపాం. మన దేశానికీ ఆ కంపెనీ దేశానికీ మధ్య ఉన్న పన్ను ఒప్పందం మీకు ఎలా వర్తిస్తుందో వివరించండి అని అధికారి అడిగాడు. నాకు తెలియదు. సార్‌కీ తెలియదు. విశాఖపట్నంలో అడిగితే ముంబై వాళ్లని అడగమన్నారు. చివరికి కేసు పోయింది. ఆమె పల్లెత్తు మాట అనలేదు. "మీకే తెలీదంటే ఇంకెవులికి తెలుస్తాది తల్లీ" అని లేచి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పూట నాకు సిగ్గుతో అన్నం సయించలేదు. కోర్సుల కోసం వెతకడం ఆ వారమే మొదలుపెట్టాను.

కోర్సు దొరికింది. ఖర్చంతా భరించే స్కాలర్‌షిప్ కూడా ఉంది. కానీ దానికి వయసు పరిమితి ఉంది, నాకు అదే ఆఖరి ఏడాది. స్కాలర్‌షిప్ లేకుండా ఐరోపా వెళ్లే స్తోమత మాకు లేదు. అంటే, వెళ్తే ఈసారే వెళ్లాలి. ఈ సంగతి సార్‌కి మొదటి రోజే విడమరిచి చెప్పాను.

దరఖాస్తు పెట్టడమంటే ఒంట్లో ఉన్న ఓపికంతా పిండుకోవడం అని తర్వాత తెలిసింది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకి చివరుండాలి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆ ఇద్దరూ నేనేనని నోటరీ ముందు ప్రమాణం చేశాను. మార్కుల జాబితా సీలు వేసిన కవర్లో కావాలన్నారు. నేను చదువుకున్న చోట సీలు ఉంది, సీలు వేసే మనిషి సెలవులో ఉన్నాడు. ఇంగ్లీషులోనే చదువుకున్నానని ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితాన్ని నమ్మక, ఇంగ్లీషు పరీక్ష రాయమన్నారు. రాశాను. ఇవన్నీ గట్టెక్కాక మిగిలింది రెండు సిఫారసులు. ఒకటి కాలేజీలో పాఠం చెప్పిన మాస్టారు అడిగిన రోజు సాయంత్రానికే పంపేశారు. రెండోది నా పనిని దగ్గరుండి చూసిన మనిషి ఇవ్వాలి. అంటే సార్.

సార్ మొదట ఎంతో సంబరపడ్డారు. "మన ఆఫీసు నుంచి ఫారినా! ఎల్లు తల్లీ, ఎల్లు" అని అందరికీ స్వీట్లు పంచారు. "లెటర్ నువ్వే రాసి తెచ్చీ, సంతకం పెట్టేస్తాను" అన్నారు. మా దగ్గర ఆఫీసుల్లో అదే పద్ధతి. ఎవరి గొప్పలు వాళ్లే రాసుకోవాలి, పెద్దవాళ్లు కింద సంతకం పెడతారు. నన్ను నేను పొగుడుకుంటూ ఒక పేజీ నింపడానికి నా ఆదివారమంతా పోయింది. తీరా చూస్తే యూనివర్సిటీకి సంతకం అక్కర్లేదట. ఆయన మెయిల్‌కి ఒక లింక్ పంపుతారు, ఆయన ఫోనుకి ఓటీపీ వస్తుంది, అందులో ప్రశ్నలకి ఆయనే జవాబులు నింపి, ఆ లెటర్ జత చేసి పంపాలి.

అప్పటి నుంచి నా బతుకు ఆ లింక్ చుట్టూ తిరిగింది. పొద్దున్న వెళ్లగానే "సార్, ఆ లింక్" అంటాను. "సూస్తానమ్మా" అంటారు. మధ్యాహ్నం అడిగితే మిల్లు వాళ్లు వచ్చి కూర్చున్నారంటారు. సాయంత్రం అడిగితే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానంటారు. ఆఖరి వారం వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది.

"సార్, ఇంకెప్పుడు సార్?"

"కంగారెందుకమ్మా. గడువు పెంచుతారు."

"పెంచరు సార్. పెంచేది లేదని వాళ్ల సైట్‌లోనే రాసి ఉంది."

"మనోళ్లు రాయరేటి? ప్రతి ఏడూ రాస్తారు, ఇంక పెంచేది లేదని. మర్నాడు పెంచుతారు."

ఇంట్లో ఈ గోడు వినేది మా ఆయన ఒక్కడే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా బావ అనే పిలుస్తాను. గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. "మీ సారు తాళి కట్టడానికి కూడా గడువు అడిగుంటాడే" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "ఓటీపీ అడిగి నువ్వే కొట్టీ, ఎవుడు సూస్తాడు?" అన్నాడు. ఒకరి డిక్లరేషన్ ఇంకొకరు నొక్కేస్తే ఏమవుతుందో బావకి తెలియదు. అలా నొక్కి ఇరుక్కున్నవాళ్ల ఫైళ్లు మా బీరువా నిండా ఉన్నాయి. ఆ పని చెయ్యనన్నాను.

"అయితే ఆయనింటికాడికెళ్లి కూకో. సేసిందాకా లెగకు."

గడువు వాళ్ల లెక్కలో మధ్యాహ్నం పన్నెండు గంటలకి, మనకి సాయంత్రం నాలుగున్నరకి. ఆఖరి రోజు ఆఫీసుకి వెళ్లేసరికి సార్ కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను ఎత్తలేదు. భోజనాల వేళ దాటి, మూడింటికి నాకొక మెయిల్ వచ్చింది. సార్ యూనివర్సిటీకి ఏదో పంపి, నాకు కాపీ పెట్టారు. హమ్మయ్య, సిఫారసు పంపేశారనుకుని తెరిచాను.

అది విజ్ఞాపన. మా ఊరి పన్ను ప్రాక్టీషనర్ల లెటర్‌హెడ్ మీద, గడువు పెంచమని ఐరోపా యూనివర్సిటీకి పెట్టిన విజ్ఞాపన. తుపాను వల్ల ఉత్తర కోస్తా జిల్లాల్లో జనజీవనం స్తంభించిందట. ఆ తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది, మాకు రెండు జల్లులు పడ్డాయంతే. ఆడిట్ల ఒత్తిడి ఉందట. పండగలు వరసగా వచ్చాయట. ఒకచోట 'పన్ను చెల్లింపుదారుల విశాల ప్రయోజనాల దృష్ట్యా' అన్న పాత ముక్క తీసెయ్యడం కూడా మర్చిపోయారు. కింద బారుగా సంతకాలు. అందులో సగం మందికి నేను ఏం చదవబోతున్నానో కూడా తెలియదు. గడువు పెంచమనే కాగితం కనిపిస్తే చాలు, మావాళ్ల చెయ్యి దానంతటదే సంతకం పెట్టేస్తుంది.

ఆటో ఎక్కి కంటోన్మెంట్‌లో ఉన్న వాళ్లింటికి వెళ్లాను. ఆ వేళప్పుడు సార్ నింపాదిగా పెరుగన్నం తింటున్నారు.

"రా తల్లీ. సూసావా? పంపించాను. ఇంక నిశ్చింతగా ఉండు. భోంచేసావా?"

పదేళ్లలో ఆయన ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "అది ఢిల్లీ కాదు సార్! వాళ్లకి మన తుపానుతో పనేంటి? ఇది నా ఆఖరి అవకాశమని మీకు ఎన్నిసార్లు చెప్పాను? నా జీవితంతో ఆడుకుంటున్నారు మీరు!" లోపలి నుంచి వాళ్లావిడ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. సార్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి, చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఓటీపీ వచ్చింది. పేజీ తెరుచుకుంది. టైము చాలినంత ఉంది, ఇంక భయం లేదనుకున్నాను. మీకు తెలిసినవాళ్లలో ఈమె ఏ స్థానంలో ఉంటుంది, పైనుంచి ఒక శాతంలోనా, ఐదు శాతంలోనా, పదిలోనా అని అడిగారు. సార్ కుర్చీ వెనక్కి జరిపారు.

"నా దగ్గర పని సేసినోళ్లే పట్టుమని పాతికమంది లేరు. ఒక శాతమంటే మనిషిలో ముక్క కూడా రాదు కదమ్మా. ఏ బేసిస్ మీద పెట్టాలి?"

"ఏదో ఒకటి పెట్టండి సార్."

"ఏదో ఒకటా? ఇది డిక్లరేషన్ కాదేటి?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్లూ ఆయన దగ్గర నేర్చుకున్న నిక్కచ్చితనమే నా నెత్తి మీదికి వచ్చింది. చివరికి ఐదు శాతం దగ్గర పెట్టారు. ప్రతి జవాబూ రెండుసార్లు చదువుకుంటూ, ఒక్కో గడీ దాటుకుంటూ, నేను రాసిన లెటర్ జత చేసి, ఆఖరి ప్రశ్నకి వచ్చారు. ఈమెను ఎలాంటి సంకోచం లేకుండా సిఫారసు చేస్తున్నారా, కొంత సంకోచంతో చేస్తున్నారా, చెయ్యడం లేదా? మూడింటిలో ఒకటి నొక్కి, పంపు అనే బటన్ నొక్కితే అయిపోతుంది.

సార్ నొక్కలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. మంచినీళ్లు అడిగి తాగారు. మళ్లీ చదివారు. "సార్, టైము" అన్నాను. "ఆగమ్మా, తొందరపెట్టకు" అన్నారు. "సార్, మొదటిది నొక్కండి, మొదటిది" అని దాదాపు ఏడుస్తూ బతిమాలాను. ఆయన వేలు అక్కడే గాల్లో ఉండిపోయింది. ఉన్నట్టుండి పేజీ తెల్లబడి, సమర్పించే సమయం ముగిసిందని ఒక్క వాక్యం కనిపించింది.

"హ్యాంగయినట్టున్నాది" అన్నారు, నా మొహం చూడకుండా. "అందరికీ ఇలాగే అయ్యుంటాది. పెంచుతారు."

బ్యాగు తీసుకుని బయటికి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. ఆటోవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, చూస్తే చూశాడు.

ఆ రాత్రే ఢిల్లీ రిటర్నుల గడువు పెంచింది. ప్రాక్టీషనర్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే చప్పట్ల బొమ్మలు. మన విజ్ఞాపన ఫలించిందని ఒకరు, ఐక్యతే బలమని ఇంకొకరు. ఫోను మంచం మీదికి విసిరేశాను. మామూలుగా ఇలాంటప్పుడు అందరికంటే ముందు రాసే సార్ ఆ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయలేదని మర్నాడు గమనించాను.

యూనివర్సిటీ జవాబు ఆ వారంలోనే వచ్చింది. ఎంతో మర్యాదగా, గడువు పెంచడం కుదరదని, అసంపూర్తి దరఖాస్తుల్ని పరిశీలించరని. సార్ నన్ను గదిలోకి పిలిచి, ఆ మెయిల్ చూపించారు.

"ఒక్కటే అడుగుతాను సార్. ఆ ఒక్క టిక్ ఎందుకు పెట్టలేదు?"

బల్ల మీద కాగితాలు సర్దారు. "సంకోచం లేకుండా అని ఉన్నాది కదమ్మా."

"ఉంటే?"

"నాకున్నాది. నీ తెలివి గురించి కాదు. నువ్వెళ్లిపోతే ఈ ఆఫీసు నేను నడపగలనా అని. నాకూ వయసైపోనాది. లేదని అబద్ధం టిక్ పెట్టలేకపోనాను. ఉన్నాదని పెడితే నీ సీటు పోతాదని భయమేసింది. గడువు పెంచుతారు కదా, ఈలోగా నా మనసు కుదుటపడతాది కదా, అనుకున్నాను."

బద్ధకం అనుకుని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. అది బద్ధకమే అయ్యుంటే ఎప్పటికైనా క్షమించేదాన్ని. ఇప్పుడు ఈ మనిషిని ఏమనాలి? కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

బయట హాల్లో ఆఫీసు ఫోను మోగడం మొదలుపెట్టింది. గడువు ఎంతవరకు పెంచారో కనుక్కోవడానికి ఏ మిల్లు వాళ్లో చేసుంటారు. సార్ కదలలేదు. రోజూలాగే, నేను లేచి వెళ్లి తీస్తానని నా వైపు చూశారు.

"మీరే తియ్యండి సార్" అన్నాను.