పిరికి పిన్ని గుండెదడ

ఇంట్లో ఆమెకు పిరికి పిన్ని అనే పేరు స్థిరపడిపోయింది. పెట్టింది అక్క కూతురు. గిన్నె కింద పడినా, వెనకనుంచి ఎవరైనా పిలిచినా ఆమె ముఖం పాలిపోయేది, చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే అలా అయ్యేది. “ఈమెకి దయ్యాలెందుకు, కుక్కర్ విజిల్ చాలు” అని బావ అందర్నీ నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. చూసిన డాక్టరు టెన్షన్ అన్నాడు. తన స్వభావమే అంత అనుకుందామె. ఆ భయంతోనే టీచరు ఉద్యోగం మానేసింది, పెళ్ళిమాట ఎత్తితే వద్దంది, అక్క దగ్గరే ఉండిపోయింది. చివరికి నలుగురిలో నోరు విప్పక్కర్లేని పని ఒకటి వెతుక్కుంది.

ఒక పరిశోధనశాలలో బంగారు బిళ్లలు తయారుచేసే పని అది. గోరంత గాజుముక్క మీద కంటికి కనబడని పూసలు పరిచి, గాలి తీసేసిన యంత్రంలో పెట్టి, వాటిపై బంగారాన్ని ఆవిరిగా పట్టించాలి. ఆ బిళ్లపై ఒక చుక్క వేసి లేజరు వెలుగు పడేస్తే, చుక్కలోని ప్రతి రసాయనమూ వెలుగును తనదైన తీరులో చెదరగొడుతుంది. మామూలుగా అది అందనంత బలహీనంగా ఉంటుంది. బంగారపు గరుకుదనం దాన్ని ఎన్నో రెట్లు పెంచి, కంప్యూటర్ తెర మీద కొండకొమ్ముల్లాంటి గీతలుగా చూపిస్తుంది. నాడులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే రసాయనాలను మూత్రపు చుక్కలోనే పట్టుకోవాలని అక్కడి పెద్ద శాస్త్రవేత్త, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, ప్రయత్నిస్తోంది.

రోగుల నమూనాలతో పోల్చడానికి ఆరోగ్యవంతులవి కావలసి వచ్చాయి. అక్కడ పనిచేసేవాళ్ళే తలా ఒకటి ఇచ్చారు. సీసాల మీద పేర్లు లేవు, అంకెలే. పిన్ని కూడా ఇచ్చింది.

రెండు రోజుల తర్వాత మేడమ్ విసుగ్గా పిలిచింది.

“ఈ బిళ్ల పాడైనట్టుందమ్మా. ఇది చూడు, ఎక్కడికెళ్ళిపోయిందో!”

తెర మీద ఒక గీత మిగతావాటన్నిటినీ పొట్టివి చేసి నిలబడింది. నారడ్రినలిన్. భయం వేసినప్పుడు ఒంట్లో పొంగే రసాయనం. తన చేతిపనే చెడిందనుకుంది పిన్ని. కొత్త బిళ్ల చేసి తెచ్చింది. మిగతా నమూనాలన్నీ మామూలుగా వచ్చాయి. ఆ ఒక్కటి మళ్ళీ అలాగే వచ్చింది.

మేడమ్ గొంతు మారింది. “బిళ్లలో తప్పు లేదు. ఈ మనిషికే ఏదో ఉంది. ఎవరిదిది? వెంటనే చెప్పాలి వాళ్ళకి.”

పిన్ని సీసా తిప్పి అంకె చూసింది. మళ్ళీ చూసింది.

“నాదే మేడమ్.”

మేడమ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, “మన యంత్రం మాట మీద ఏదీ తేల్చకూడదు. పద, ఆసుపత్రికి పోదాం” అంది.

ఆసుపత్రి పరీక్షలూ అదే చెప్పాయి. స్కానులో మూత్రపిండం పైన నిమ్మకాయంత గడ్డ కనబడింది. ఆ రసాయనాన్ని ఇన్నేళ్ళుగా వేళాపాళా లేకుండా రక్తంలోకి వదులుతున్నది అదే. “ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారమ్మా! ఏ రోజైనా ప్రాణం మీదికి వచ్చేది” అన్నాడు డాక్టరు. అక్క గోడ పట్టుకుని నిలబడిపోయింది. బావకు ఆ రోజంతా జోకు రాలేదు.

కొన్నాళ్ళు మందులిచ్చి రక్తపోటును అదుపులోకి తెచ్చాక ఆపరేషన్ చేశారు. గడ్డ పూర్తిగా వచ్చేసింది. ఇలాంటివి కుటుంబాల్లో వస్తుంటాయని అక్కకూ పరీక్షలు చేశారు. ఏమీ లేదని తేలింది.

“మరి నా కోపానికి ఏ గడ్డా లేదా డాక్టరుగారూ?” అంది అక్క.

“లేదమ్మా. అది మీ సొంతమే.”

బావ పగలబడి నవ్వాడు. మంచం మీదున్న మరదలి ముఖం చూసి చప్పున ఆపేశాడు. ఆమె కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.

“అక్కా, అయితే నేను పిరికిదాన్ని కాదా?”

“కాదే తల్లీ.”

“మరి బడిలో ఉద్యోగం మానేసిందెవరు? పెళ్ళి వద్దందెవరు? అదంతా నేనే అనుకున్నానే!”

అక్క దుప్పటి సర్ది, చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది.

కోలుకుని పనిలో చేరాక పిన్ని ఇంట్లో మరో పిడుగు వేసింది. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు చూసుకున్నానంది. “ఒక్కదానివి ఎలా ఉంటావే?” అని అక్క లబలబలాడింది. “ఏమోనక్కా, నాకూ తెలీదు. ఉండి చూస్తాను” అంది.

కొత్తింట్లో మొదటి ఉదయం గది ఊడుస్తుంటే తలుపు సందులోంచి బల్లి ఒకటి పాదం మీద పడింది. పిన్ని కెవ్వున అరిచింది. గుండె ఒక్కసారి ఎగిరింది. బల్లి గోడ ఎక్కేలోపే సర్దుకుంది. చెమట లేదు, వణుకు లేదు. ఇంతేనా భయమంటే! అందరూ పడేది ఇంతేనా? ఆమె చీపురు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని, గది మధ్యలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.